వాను వెళ్ళే వేళ

కారు మళ్ళీ అరకడుపుతోనే నిలబడి ఉంది.

ఆయన మధ్యాహ్నం కునుకు తీసి, మొహం కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని వరండాలోకి వచ్చేసరికి చార్జింగు ప్లగ్గు పక్కన వెలగాల్సిన పచ్చదీపం ఆరిపోయి ఉంది. కాసేపు దానికేసి చూశాడు. గోడ మీది పెట్టెకేసి చూశాడు. కరెంటు పోయిందేమోనని లోపలికి వచ్చి తలెత్తి ఫ్యానుకేసి చూశాడు. ఫ్యాను తన మానాన తాను తిరుగుతోంది.

"ఇదిగో, మధ్యలో కరెంటేమైనా పోయిందా?"

"లేదే," అంది భార్య వంటింట్లోంచి.

"పోయి వచ్చిందేమో."

"పోనూ లేదు, రానూ లేదు. ఎక్కడున్నది అక్కడే ఉంది."

ఆయన నిట్టూర్చాడు. పొద్దున్నంతా టాక్సీ తిప్పి, మధ్యాహ్నం ఇంటికొచ్చి కారుకి ప్లగ్గు పెట్టి, తాను భోంచేసి, కాస్త నడుం వాల్చి, సాయంత్రం మళ్ళీ బయల్దేరడం ఆయన పద్ధతి. కరెంటు కారు కొన్నప్పట్నుంచీ ఆ పద్ధతి చక్కగా సాగింది. బడులు తెరిచినప్పట్నుంచీ కారుకేదో తెగులు పట్టుకుంది. కొన్నాళ్ళు నిండుగా తింటుంది, కొన్నాళ్ళు మధ్యలోనే చెయ్యి కడిగేసుకుంటుంది. అలాంటి సాయంత్రాలు దూరపు బేరాలన్నీ పక్కవాడి పాలే.

"మీ తమ్ముడికి ఫోన్ చెయ్యి," అన్నాడు గేటు తీస్తూ. "వాడు పెట్టిన పాయింటే కదా, వాడే చూసుకుంటాడు."

ఆవిణ్ణి ఆ వీధిలో అందరూ వానక్క అంటారు. కొత్తవాళ్ళు వాన కురిసిన రోజున పుట్టిందేమో అనుకుంటారు గానీ సంగతి అది కాదు. బడిపిల్లల వాను నడిపేది కాబట్టి వానక్క. పోయినేడు దండెం మీద బట్టలారేస్తూ ఉన్నట్టుండి పడిపోయి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంది. ఫిట్సు అన్నాడు డాక్టరు. మందులు వాడుతూ మళ్ళీ రాకుండా ఏడాది పైన గడిస్తే అప్పుడు చూద్దాం, అందాకా బండి నడిపేది లేదన్నాడు. వాను ఇంకొకరి చేతికి వెళ్ళిపోయింది. పేరు మాత్రం ఆమె దగ్గర ఉండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం బావ వచ్చే వేళకి తమ్ముడు పనిముట్ల సంచీతో సహా దిగాడు.

"ఏంటి బావా, కారుకి కడుపునొప్పా?"

"కారుకి కాదురా. నీ వైరుకి."

"నా వైరు నీకంటే ఆరోగ్యంగా ఉంది. ముందు నీ పొట్ట సంగతి చూసుకో."

మాట అలా ఆడుతూనే ఉంది, చేతులు పనిలోకి దిగిపోయాయి. మెయిను ఆపి, పెట్టె మూత విప్పి, ఒక్కో వైరునీ వేళ్ళతో లాగి చూశాడు. బిగించిన స్క్రూలనే మళ్ళీ బిగించాడు. మీటరు పెట్టి అంకెలు చూసి తనలో తను గొణుక్కున్నాడు. ప్లగ్గు పెట్టించి, పచ్చదీపం వెలిగాక, వైరు పొడుగునా అరచేతిని వెనక్కి తిప్పి తాకుతూ వచ్చాడు.

"వైరు సన్నమైతే వేడెక్కుతుంది. చూడు, కుండలా చల్లగా ఉంది."

బావా బావమరుదులిద్దరూ వరండా మెట్టు మీద కూర్చుని, ఆసుపత్రిలో రోగి మంచం పక్కన కూర్చున్నవాళ్ళలా ఆ దీపాన్నే చూశారు. దీపం రెప్ప కూడా వెయ్యలేదు. వానక్క మంచినీళ్ళు తెచ్చి ఇస్తుండగా వీధి మలుపులో హారను మోగింది. చిన్న తరగతుల పిల్లల్ని మధ్యాహ్నమే ఇళ్ళకి దింపే వాను అది. కొత్త డ్రైవరు హారను మీద చెయ్యి పెడితే ఓ పట్టాన తీయడు. ఆమె అయితే రెండు చిన్న పలకరింపులు, అంతే. గ్లాసు తమ్ముడి చేతిలోకి వెళ్ళినా ఆమె చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"అక్కా, గ్లాసు అందుకున్నాను. ఇంక వదిలెయ్," అన్నాడు తమ్ముడు.

కారు నిండుగా తింది.

"చూశావా? మనం చూస్తుంటే బుద్ధిగా ఉంటుంది, తల తిప్పితే మొరాయిస్తుంది. అచ్చం మా అక్క ముందు నువ్వున్నట్టే."

"కంపెనీవాళ్ళు కూడా రెండ్రోజులు ఉంచుకుని చూశార్రా. కారు బాగానే ఉంది, ఇంటి వైరింగు చూపించుకోమన్నారు."

"అవునులే. వాళ్ళ కారు బంగారం, నా వైరు ఇత్తడి," అని తమ్ముడు సంచీ భుజాన వేసుకున్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ నవ్వులో కొంచెం ఉప్పు తగిలింది.

ఆ తర్వాతి మధ్యాహ్నం ఆయన లోపలి గదిలో ఫ్యాను కింద నిద్రపోతున్నాడు. వానక్క అంట్లు తోముతోంది. మలుపులో హారను వినిపించగానే చేతులు కొంగుకి తుడుచుకుని తలుపు పక్కకి వచ్చింది.

కారు తాళం అక్కడే, మేకుకి వేలాడుతూ ఉంటుంది. తాళాలు కొన్నాళ్ళు కనపడకుండా పెట్టమని డాక్టరు ఆయనకి చెప్పడం ఆమె చెవిన పడింది. ఇంటికొచ్చాక ఆయన దాన్ని ఎప్పుడూ తగిలించే మేకుకే తగిలించాడు. "దాస్తే నిన్ను దొంగని చేసినట్టుంటుంది," అన్నాడు, అటు తిరిగి చొక్కా విప్పుకుంటూ. ఆ మాట ఆమెకి ఎంత నచ్చిందో అంత బరువుగానూ ఉంది. అందుకే స్టార్టు బటను జోలికి ఏనాడూ పోలేదు. కూర్చుంటుంది, అంతే.

తాళం మీది బటను నొక్కితే కారు కళ్ళు చికిలించి, టక్ మని తలుపు వదిలింది. ఆమె స్టీరింగు ముందు కూర్చుని తలుపు మూసుకుంది. అద్దం తన ఎత్తుకి దించుకుంది. లేని క్లచ్చిని ఎడమ కాలు తొక్కింది. ఎడమ చెయ్యి గేరు కోసం వెతుక్కుని, అక్కడున్న గుండ్రటి బొడిపె మీద నిరాశగా ఆగింది. అయినా సరే, బండి కదిలింది.

మందుల షాపు దగ్గర కవలలు. ఎవరు ముందు దిగాలో రోజూ తగువే. సోమవారం పెద్దవాడు, మంగళవారం చిన్నవాడు అని ఆమే తీర్పు చెప్పింది. నీళ్ళ ట్యాంకు దగ్గర కళ్ళజోడు పిల్ల. తమ ఇంట్లో ఏనుగు ఉందనీ, అది మంచం కింద పడుకుంటుందనీ చెబుతుంది. దానికి జ్వరం తగ్గిందా అని అడగకపోతే అలుగుతుంది. కుట్టు మిషను షాపు దాటాక గతుకు, అక్కడ మెల్లగా. ముందు సీట్లో పిల్లలు కూర్చోకూడదు, అది వాను చట్టం. ఆఖరి స్టాపు పిల్లాడు ఎప్పుడూ నిద్రలోనే ఉంటాడు. లేపితే ఏడుస్తాడు. వాణ్ణి వెనక సీట్లోంచి భుజాన వేసుకుని, గేటు దాకా మోసుకెళ్ళి వాళ్ళ నాయనమ్మ చేతుల్లో పెట్టేది. మెడ మీద వాడి ఊపిరి వెచ్చగా తగిలేది.

ఆమెకి అది కావాలి. జీతం కాదు, రోడ్డు కూడా కాదు. ఆ వెచ్చటి ఊపిరీ, ఆ ఏనుగు జ్వరమూ, అద్దంలో ఊగే ఆ తలలూ కావాలి. కావాలి అని పైకే అంది, అద్దాలు మూసి ఉన్నాయి కదా అని. తర్వాత దిగి, తాళం వేసి, మేకుకి తగిలించి, మిగిలిన అంట్లు తోముకుంది.

సాయంత్రం మళ్ళీ దీపం ఆరిపోయి ఉంది.

ఈసారి తమ్ముడు పార పట్టుకొచ్చాడు. ఎర్తింగు బాగా లేకపోతే ఇలాంటి వేషాలే వేస్తుందని, ప్రహరీగోడ వార ఉన్న పాత గొయ్యి తవ్వి, కొత్త రాగి కడ్డీ దింపి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా నింపి, బకెట్లతో నీళ్ళు పోశాడు. మోచేతుల దాకా నల్లగా అయ్యాడు. మధ్యాహ్నం దాకా పని చేసి వెళ్ళాడు. కొత్త ఎర్తింగు పుణ్యమా అని కారు రెండ్రోజులు కడుపునిండా తింది. ఆ రెండ్రోజులూ పక్కింటావిడ మధ్యాహ్నాలు వచ్చి కబుర్లు పెట్టుకుందన్న సంగతి ఎవరు లెక్కలోకి తీసుకుంటారు? మూడో రోజు మళ్ళీ మొదటికొచ్చింది.

ఆ సాయంత్రం ఆయనకి విసుగు నషాళానికెక్కింది. తమ్ముణ్ణి పిలిపించి, ఫోను తెరిచి చూపించాడు. చార్జింగు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది అన్నీ అందులో ఉన్నాయి.

"చూడు. ఆగినప్పుడల్లా దాదాపు ఒకే వేళ. ఆదివారాలు మాత్రం ఒక్కసారీ ఆగలేదు."

తమ్ముడు ఫోను దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఇది సరిగ్గా స్కూలు వాను వెళ్ళే వేళ బావా. ఆదివారం వాను రాదు, ఇదీ ఆగదు. ఆ హారనుకి నీ కారు దడుచుకుంటున్నట్టుంది."

తలుపు దగ్గర నిలబడ్డ వానక్క చూపు మేకుకున్న తాళం మీదికి పోయింది.

"నాకు నవ్వులాటగా లేదు," అన్నాడు ఆయన. "బేరాలు పోతున్నాయి. ఇన్నిసార్లు చేశావ్, ఒక్కసారీ కుదరలేదు. నీ చేతుల్లోనే ఏదో ఉంది."

"నా చేతుల్లోనా?"

"మరి నా చేతుల్లోనా? చేతకాకపోతే చేతకాదని చెప్పాలి. నేను వేరేవాణ్ణి పిలుచుకుంటాను."

తమ్ముడు ఫోను బావ చేతిలో పెట్టాడు. మొన్న గోడకి ఆనించి వదిలిన పార తీసుకుని గేటు దాకా వెళ్ళి, అక్కడ ఆగాడు.

"పిలుచుకో బావా. నేను మాత్రం మళ్ళీ ఈ గేటు లోపలికి అడుగు పెట్టను," అని, అక్కకేసి చూడకుండా వెళ్ళిపోయాడు. ఆమె పెట్టిన టీ మూత కింద చల్లారిపోయింది.

మర్నాడు హారను మోగినప్పుడు వానక్క తాళం తీసుకుంది గానీ బయటికి వెళ్ళలేదు. వంటింటి కిటికీకి ఎదురుగానే కారు. చువ్వల మధ్యనుంచి చెయ్యి చాపి బటను నొక్కింది. కారు కళ్ళు చికిలించింది. టక్. పచ్చదీపం ఆరిపోయింది.

ఇంకో బటను నొక్కింది. తలుపులకి తాళం పడింది. దీపం వెలగలేదు.

ఇన్నాళ్ళూ ఆ చప్పుడు తలుపుది అనుకుంది. తలుపుతో పాటు ప్లగ్గుని కూడా వదిలేస్తోంది కారు, ఇక తినడం చాలనుకుని. మళ్ళీ తాళం వేసినంత మాత్రాన దానికి ఆకలి పుట్టదు. ఆమె బయటికి వెళ్ళి ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టింది. పచ్చగా వెలిగింది. తమ్ముడు పోసిన ఉప్పు నీళ్ళ తడి గోడ వార ఇంకా ఆరలేదు. దాన్ని చూస్తూ అక్కడే నిలబడిపోయింది.

చెప్పేద్దామనే అనుకుంది. ఆయన లేచి, నిండుగా ఉన్న కారుని చూసి, పిల్లాడిలా నవ్వాడు. ఇంత నవ్వు మీద ఆ మాట ఎలా వెయ్యడం? పైగా చెబితే మేకు ఖాళీ అవుతుంది. అంత నమ్మి తగిలించిన మనిషి వెనక చాటుగా తీసుకుంది కదా. నేను కూర్చోవడం మానేస్తే సరిపోతుంది, గొడవ దానంతటదే పోతుంది అని సర్దిచెప్పుకుంది. గొడవ నిజంగానే పోయింది. పోతూ పోతూ ఇంకొకరి ఖాతాలో పడింది.

ఎలాగంటే, ఆ సాయంత్రమే కొత్త ఎలక్ట్రీషియను వచ్చాడు. పెట్టె విప్పి, నాలిక చప్పరించి, "ఎవరు చేశారండీ ఇది, చేతులతోనా కాళ్ళతోనా?" అన్నాడు. బాగున్న వైరు తీసి బాగున్న ఇంకో వైరు వేశాడు. అప్పట్నుంచీ కారు ఒక్కరోజూ ఆగలేదు. ఆయన సంబరం పట్టలేక వీధిలో కనపడ్డవాళ్ళకల్లా చెప్పాడు. ఎదురింటాయన పై అంతస్తు కడుతున్నాడు. ఆ వైరింగంతా తమ్ముడికే అని ఎప్పుడో మాటైంది. ఆ ఎదురింటాయనే ఇప్పుడు గేటు దగ్గరికొచ్చి, తల గోక్కుంటూ, "మీ తమ్ముడేం అనుకోడు కదమ్మా? కొత్తబ్బాయికి ఇచ్చేద్దామనుకుంటున్నాం. ఇల్లు కదా, కరెంటుతో ఆటలెందుకు," అన్నాడు.

వానక్క వంటింట్లోకి వచ్చి నిలబడింది. వాను వచ్చింది, హారను మోగింది, పోయింది. మందుల షాపు దాటి ఉంటుంది. కవలల్లో ఈరోజు ఎవరి వంతో. కిటికీ చువ్వలు రెండు చేతులతో పట్టుకుంది. ఎడమ కాలు నేలని తొక్కుతోందని కాసేపటికి గానీ గమనించలేదు.

అప్పుడు ఫోను తీసింది.

"ఒకసారి రా రా."

"బావ రమ్మన్నాడా?"

"బావ కాదు. నేను రమ్మంటున్నాను."

తమ్ముడు వచ్చాడు గానీ మాట నిలబెట్టుకోవడానికి గేటు బయటే నిలబడ్డాడు. నిద్రలోంచి లేచి వచ్చిన ఆయన వరండాలో నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరికొకరు కనపడనట్టే ఉన్నారు. కారు మధ్యలో నిలబడి పచ్చదీపంతో తన పని తాను చేసుకుంటోంది. వానక్క మేకు నుంచి తాళం తీసి, ఇద్దరికీ కనపడేలా ఎత్తి, బటను నొక్కింది.

టక్. దీపం ఆరింది.

"ఏం చేశావ్?" అన్నాడు ఆయన.

"రోజూ చేసిందే. మీరు పడుకున్నాక, వాను వెళ్ళాక, తాళం తీసి లోపల కూర్చునేదాన్ని. అందుకే ఆగేది. వీడి వైరులో ఏమీ లేదు, వీడి చేతుల్లోనూ ఏమీ లేదు. నాకు తెలిసి వారం కాలేదు గానీ, తెలిశాక కూడా నోరు మూసుకున్నాను. అది నా తప్పు."

తమ్ముడు మాట తప్పి గేటు లోపలికి వచ్చేశాడు; వచ్చినట్టు అతనికే తెలీదు.

"స్టార్టు చేశావా?" ఆయన గొంతు మారిపోయింది.

"లేదు. ఒక్కసారి కూడా లేదు."

"మరి కూర్చుని ఏం చేస్తావ్?"

"నడుపుతాను."

"ఎక్కడికి?"

"మందుల షాపు. నీళ్ళ ట్యాంకు. ఆఖరి స్టాపు దాకా."

"బండి కదలదు కదా."

"కదలదు," అంది వానక్క. "అందుకే ఎవరికీ ఏమీ కాదు."

ఆయన మెట్లు దిగి వచ్చి చెయ్యి చాపాడు. ఆమె తాళం ఆ చేతిలో పెట్టింది. ఇంక దాన్ని చూడనని అనుకుంది. అది న్యాయమే అని కూడా అనుకుంది.

"ఉండు బావా," అన్నాడు తమ్ముడు. పనివాడి బుర్రకి కోపం కన్నా అనుమానం ముందు పుడుతుంది. "ప్లగ్గు తీసేముందు నువ్వు కూడా రోజూ ఈ బటనే నొక్కుతావు కదా? అప్పుడు దీపం ఆరడం కనపడలేదా?"

"తియ్యడానికే కదా నొక్కేది. ఆరితే ఆరిందనుకుంటాను. దాని మొహం ఎవడు చూశాడు?"

"భలే డ్రైవరువి. సరే, మళ్ళీ పెట్టు. ఈసారి బటను వద్దు. ఇందులో ఇనప తాళం చెవి దాగుంటుంది చూడు, అది లాగి దాంతో తలుపు తియ్."

ఆయన తలుపులకి తాళం వేసి, ప్లగ్గు పీకి పెట్టాడు. పచ్చగా వెలిగింది. రిమోటు పక్కన గోటితో నొక్కి సన్నటి ఇనప తాళం చెవిని బయటికి లాగాడు. తలుపు పిడి కింద కన్నంలో పెట్టి తిప్పాడు. తలుపు తెరుచుకుంది. ముగ్గురూ వంగి ప్లగ్గుకేసి చూశారు.

దీపం ఆరలేదు.

"హారనుకి దడుచుకుంటోందని నేను ముందే చెప్పానా లేదా?" అన్నాడు తమ్ముడు. నవ్వబోయి కళ్ళు తుడుచుకున్నాడు.

"రేపు ఎదురింటాయనకి నేనే చెబుతాను," అన్నాడు ఆయన, బావమరిది మొహం చూడలేక అతని చొక్కా గుండీకేసి చూస్తూ. "నా నోటితో పోయింది, నా నోటితోనే తెస్తాను. కొత్తాయన వేసిన వైరు కూడా పీకెయ్. నీదే వెయ్."

"వైరు పీకడం తర్వాత. ముందు ఆరోజు తాగని టీ ఇప్పించు."

ఆయన లోపలికి వెళ్ళాడు. వానక్క తలుపు దగ్గర నిలబడి చూసింది. రిమోటుని ఎప్పటి మేకుకే తగిలించాడు. దాని పక్కనే, ఒక దారం ముక్క కట్టి, ఇనప తాళం చెవిని తగిలించాడు.

"ఇది ఇప్పటికి," అన్నాడు ఇనప దాన్ని వేలితో తాకి. రిమోటుని తాకి, "అది డాక్టరు చెప్పాక," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం హారను మోగగానే ఆమె చేతులు తుడుచుకుని, దారం పట్టుకుని తాళం చెవి తీసుకుంది. స్టీరింగు ముందు కూర్చుని అద్దం తన ఎత్తుకి దించుకుంది. పక్క అద్దంలో పచ్చదీపం వెలుగుతూనే ఉంది. లేని క్లచ్చి తొక్కేలోపు ఎడమ వైపు ముందు తలుపు తెరుచుకుంది. ఆయన. భుజాన తువ్వాలు, కళ్ళ నిండా నిద్ర.

"ముందు సీటు పిల్లలకి కుదరదు," అంది వానక్క. "వెనక."

ఆయన బుద్ధిగా తలుపు వేసి, వెళ్ళి వెనక సీట్లో కూర్చున్నాడు. బండి కదిలింది. మందుల షాపు దగ్గర పెద్దవాడు దిగాడు, తర్వాత చిన్నవాడు. నీళ్ళ ట్యాంకు దగ్గర ఏనుగు జ్వరం సంగతి అడిగింది. కుట్టు మిషను షాపు దాటాక గతుకులో మెల్లగా పోనిచ్చింది. ఆఖరి స్టాపులో ఆపి అద్దంలోకి చూస్తే, ఆయన నోరు కొంచెం తెరిచి, తల పక్కకి వాల్చి నిద్రపోతున్నాడు.

ఆమె లేపలేదు. బండిని ఇంకో చుట్టు తిప్పింది.